డిండి దారిలో లేని మంద

కిందటి వారం నూరుద్దీన్‌ను అతని వాకిట్లోనే నిలబెట్టి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు. దేవరకొండ ఖిల్లా కింద గల్లీలో, రేకుల కొట్టంలో, ముందుభాగం వంకర పోయిన తన అంబాసిడర్ పక్కన. ఇన్సూరెన్సు కంపెనీ పంపిన సర్వేయర్ నల్లగొండ నుంచి దిగి, భుజాన సంచి కింద పెట్టకముందే బండి ఎవరు నడిపారని అడిగాడు. నూరుద్దీన్ "నేనే సార్" అన్నాడు.

అది అబద్ధమని మనకు తెలుసు. ఆ రోజు నూరుద్దీన్ జ్వరంతో దుప్పటి కప్పుకుని మూలుగుతున్నాడు. పెళ్లివాళ్లను డిండిలో దించి రావడానికి కారు తీసుకుపోయింది తమ్ముడు పీర్ మహమ్మద్. అతనికి నడపడం వచ్చు గానీ లైసెన్సు లేదు. పొద్దు గుంకే వేళకు ఎడమ దీపం పగిలి, మడ్గార్డు కుంగి, బంపరు వంగిన బండిని తెచ్చి కొట్టంలో పెట్టాడు. గొర్రెల మంద అడ్డమొచ్చిందనీ, తప్పించబోయి వాగు మీది మోరీ దగ్గరి బండరాయికి గుద్దాననీ చెప్పాడు. క్లెయిము కాయితంలో లైసెన్సు ఉన్నవాడి పేరే రాయాలని బస్టాండు హోటల్లో కూర్చున్న నలుగురూ సలహా ఇచ్చారు. అందరూ అట్లాగే రాస్తారట. తమ్ముడు చేసినదాన్ని తన మీద వేసుకోవడం నూరుద్దీన్‌కు చిన్నప్పటి నుంచీ అలవాటైన పనే. పగిలిన పలకల దగ్గర్నుంచి పగిలిన కారు దాకా వచ్చాడు, అంతే తేడా. అందుకే పెద్దగా ఆలోచించకుండానే సంతకం పెట్టాడు.

సర్వేయర్ పేరు ఐలేశం. సన్నటి మనిషి, కళ్లద్దాలు, నలిగిన చొక్కా, మెడలో కెమెరా. ఎవరో ఇంగ్లీషు ముక్కలు దంచే పట్నపు ఆఫీసరు వస్తాడని రెండు రోజులుగా బిగుసుకుని ఉన్న నూరుద్దీన్‌కు, తనలాగే "గిట్ల, గట్ల" అని మాట్లాడే మనిషి రావడంతో ప్రాణం లేచొచ్చింది. మనవాడే కదా అనుకున్నాడు. ఆ ధైర్యం ఎంతోసేపు నిలవలేదు.

ఐలేశం కారు చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు, వేలితో తడిమాడు, ఫొటోలు తీశాడు. చాయ్ తెప్పిస్తానంటే వద్దన్నాడు. మనిషి చాయ్ వద్దన్నాడంటే లోపల ఏదో పెట్టుకున్నాడని నూరుద్దీన్‌కు అనుమానం పుట్టింది. చివరికి ఐలేశం కొట్టంలో వేసిన మంచం మీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"మంద అడ్డమొచ్చిందని రాసినవు. గొర్లా, మేకలా?"

"గొర్లే సార్."

"శాన ఉన్నయా?"

"శాన ఉన్నయి సార్. సడక్ నిండ ఉన్నయి."

"కాపరి ముందుండెనా, ఎనకనా?"

ఈ ప్రశ్నకు నూరుద్దీన్ సిద్ధంగా లేడు. తమ్ముడు కాపరి సంగతి చెప్పలేదు. "ముందున్నడు సార్" అన్నాడు.

"ముందుంటే బండిని చూసి చెయ్యి అడ్డం పెట్టలేదా మరి?"

"ముందు కాదు సార్. ఎనక. ఎనకున్నడు."

"ఎవలి మందనో గుర్తుపట్టినవా? ఈ దారిల రోజు తిరిగెటోనివి గదా."

"దుమ్ముల కనబడలె సార్."

ఐలేశం తలాడించాడు. అతని మొహంలో కోపం లేదు, వెటకారం లేదు. అవి ఉన్నా కొంత నయంగా ఉండేది. "మాది రామన్నపేట దిక్కు" అన్నాడు నెమ్మదిగా. "మా నాయిన గొర్లు కాసిండు. మా తాత కాసిండు. నేను కూడ బడికి పోకముందు వాళ్లెంట తిరిగినోన్నే. కోతలు కాంగనే మందలన్ని కిష్ట ఏటి దిక్కు పోతయి నూరుద్దీన్ సాబ్. ఈడ మేత ఉండది, నీళ్లుండయి. మల్ల చినుకు పడ్డంకనే మర్లొస్తయి. గీ ఎండకాలం, గీ కరువుల, డిండి దారిల సడక్ నిండ గొర్లు యాడికెళ్లి వచ్చినయి?"

గొర్రెల మంద అంటే డ్రైవర్ల జేబులో ఎప్పుడూ ఉండే సాకు. బండి దేనికి గుద్దినా మందనే అడ్డం తోలతారు. దాన్ని మారు మాట లేకుండా రాసుకుపోయే సర్వేయర్లు జిల్లా నిండా ఉన్నారు. అతని తలరాత, గొల్లవాళ్ల ఇంట్లో పుట్టినవాడే వచ్చాడు. ఈ దారిలో ఏళ్ల తరబడి బండి తోలిన తనకు కూడా ఆ మాట తట్టలేదు. తమ్ముడు చెప్పాడు, తను నమ్మాడు. నిజానికి ఈ నడుమ ఎప్పుడు చూసినా ఆ దారి బోడిగానే ఉంది. అది తనకూ తెలుసు. తెలిసీ అడగలేదు.

"ఒకటి రెండు ఉండచ్చు సార్. ఎవలన్న ఇంటికాడ ఉంచుకున్నయి."

"ఇంతకుముందు సడక్ నిండ అన్నవు" అని ఐలేశం సంచిలో చెయ్యిపెట్టాడు. పాత పేపరు పొట్లం ఒకటి తీసి మంచం మీద విప్పాడు. అద్దం పెంకులు. ఎండలో మెరిశాయి. "నేను బస్టాండు నుంచి సక్కగ మీ ఇంటికి రాలె. పొద్దుగాల్నే డిండి బస్సెక్కి మోరీ కాడ దిగిన. నువ్వు రాసిన బండరాయిని చూసిన. దానికి గీత పడలె, రంగంటలె. గా రాయి పుట్టినకాడికెళ్లి దాన్ని ఎవ్వలు ముట్టుకున్నట్టు కూడ లేదు."

అతను లేచి పెద్ద పెంకును పగిలిన దీపం అంచుకు ఆనించాడు. అది చక్కగా కూర్చుంది. నూరుద్దీన్ కళ్లు దాని మీదే నిలిచిపోయాయి.

"ఇవి దొరికింది మోరీ కాడ కాదు. ఇంకా ఇవతల, గుట్ట మలుపు దాటంగనే గూడెం బాట కలుస్తది సూడు, ఆడ. ఆన్నే తుమ్మచెట్టుకు బెరడు లేచింది. మీ బండి రంగు అంటింది. ఆడ చాయ్ పెట్టెటామె ఉంటది, బిక్షమ్మట. గీడేమైందమ్మా అని అడిగిన. లారీ గుద్దిందన్నది. మనిషిని గుద్దిందట."

నూరుద్దీన్‌కు ఆ మాట ముందే తెలుసు. ఊరంతా అనుకున్నదే. డిండి దారిలో లారీ గుద్ది చెన్నయ్యను పడేసి పోయిందని, బస్సులోవాళ్లు చూసి ఎత్తుకుని నల్లగొండ పెద్ద దవాఖానకు చేర్చారని, తెలివి లేకుండా పడున్నాడని జ్వరంలో ఉండగానే విన్నాడు. అయ్యో అనుకున్నాడు. గొర్రెల కాపరి చెన్నయ్య పరాయి మనిషి కాదు. మోకాళ్లు పట్టేశాయని ఈ ఏడు కొడుకులు అతన్ని మందతో తీసుకుపోకుండా ఇంటి దగ్గర ఉంచారు. ఒళ్లు కుదుటపడగానే వెళ్లి చూసి రావాలని నూరుద్దీన్ భార్యతో అన్నాడు కూడా. ఆ మాట అన్నప్పుడు పీర్ మహమ్మద్ అక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. తింటున్న పళ్లెం వదిలేసి లేచిపోయాడు. ఎందుకు లేచాడో అప్పుడు తెలియలేదు.

ఇప్పుడు తెలిసింది. అతను కారు తలుపు పట్టుకున్నాడు.

"లారీని ఎవలూ చూడలె" అన్నాడు ఐలేశం. "నేను నలుగురిని అడిగిన. లారీయే అయ్యుంటదని ఒకలనుకున్నరు, ఇగ అందరు గదే అన్నరు. పోలీసోళ్లు గదే రాసుకున్నరు. వాళ్లకు బండి దొరకలె, మనిషి దొరకలె. మరి నువ్వేం చేసినవు? గా దినం గా యాళ్లకు గా దారిల బండి నేనే నడిపిన అని కాయితం మీద రాసి సంతకం పెట్టినవు. మీ బండి మీద ఎవ్వలకు అనుమానం కూడ లేకుండె. నువ్వే మమ్ముల పిలిచి చూపెట్టినవు."

నిజమే. ఊరికే ఉంటే ఎవరూ ఈ కొట్టం వైపు తిరిగి చూసేవాళ్లు కాదు. కారు బాగుచేయించుకోవడానికి పెట్టిన క్లెయిము తన మీద తనే ఇచ్చుకున్న ఫిర్యాదు అయింది. ఠాణాలో నేల మీద కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలు, బజారులో బేడీలతో నడవడం, మసీదు ముందు జనం మాటలాపి చూడటం, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు కదిలాయి. జీవితంలో ఒక్క చలానా కూడా కట్టని మనిషి. కోడిపిల్ల అడ్డమొచ్చినా బండి ఆపి దిగి తోలే మనిషి.

"సార్" అన్నాడు. "ఒక మాటడుగుత. బండి నడిపినాయనకు లైసెన్సు లేకుంటే ఏమైతది?"

ఐలేశం ఇంటి తలుపుకు వేలాడుతున్న పరదా వైపు ఒకసారి చూశాడు. పరదా వెనక ఎవరో ఉన్నారని అతనికి అర్థమైంది.

"అడిగినవు గనుక చెప్తున్న. లైసెన్సు ఉన్నాయన నడిపితే, గుద్దిన మనిషి దవాఖాన ఖర్చు, నష్టపరిహారం, కోర్టు చెప్పినంత కంపెనీ కడ్తది. లైసెన్సు లేనాయన నడిపితే కంపెనీ చేతులు దులుపుకుంటది. బండికి రాదు, గా ముసలాయనకు రాదు. మొత్తం బండి ఓనరు నెత్తిన పడ్తది. ఇల్లు అమ్మినా తీరది. జైలంటవా, గది ఎట్లయినా నడిపినాయనకే."

"మీరేం రాస్తరు సార్?"

"నేను చూసింది రాస్త. పెంకులు, చెట్టు, రాయి. పోలీసోళ్లకు ఒక కాపీ పోతది. నడిపిందెవలన్నది మాత్రం నువ్వు చెప్పిందే రాస్త." ఐలేశం లేచి సంచి భుజాన వేసుకున్నాడు. "పొద్దుగాల్నుంచి నేనేం తినలె. గల్లీ మూలకు హోటలుంది గదా, జర తినొస్త. నువ్వు లోపటికి పోయి నీళ్లు తాగు. సోంచాయించు. నేనొచ్చినంక ఇంకోసారి అడుగుత. అప్పుడు చెప్పిందే ఆఖరు మాట."

అతను గల్లీ మలుపు తిరిగేదాకా నూరుద్దీన్ కదల్లేదు. తర్వాత పరదా తోసుకుని లోపలికి వెళ్లాడు.

భార్య బషీరున్నీసా తలుపు పక్కనే నిలబడి ఉంది. ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది, ఒక్క ముక్క వదలకుండా విన్నదని. మామూలుగా అయితే ఆమె ఇంత విన్నాక ఇల్లు దద్దరిల్లిపోయేది. ఇప్పుడు చేత్తో లోపలి గది వైపు చూపించింది, అంతే. ఆమె నోరు మూసుకోవడం నూరుద్దీన్‌ను సర్వేయర్ కంటే ఎక్కువ భయపెట్టింది.

పీర్ మహమ్మద్ లోపలి గదిలో బియ్యం బస్తా పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. అన్న రావడం చూసి ఇంకా గోడకు ఒదిగాడు. ఆ ఇంట్లో మాటలన్నీ ఉర్దూలోనే సాగుతాయి. ఆ రోజు మాత్రం ఏ భాషా సరిగ్గా పలకలేదు.

"చెన్నయ్యేనా?" అన్నాడు నూరుద్దీన్.

తమ్ముడు తల ఊపాడు.

"నాకు రాయి అని చెప్పినవు. అల్లా మీద ఒట్టేసి మరీ చెప్పినవు."

"భయమైంది భాయ్."

"భయమైతే నాకు చెప్పాలె. నేను సంతకం పెడుతుంటే పక్కనే నిలబడ్డవు గదరా. పెన్ను కూడ నువ్వే ఇస్తివి."

పీర్ మహమ్మద్ ఏడుపు ఆపుకోలేకపోయాడు. ఏడుస్తూనే చెప్పాడు. డిండిలో పెళ్లివాళ్లు దిగాక ఖాళీ బండి, ఖాళీ రోడ్డు. కొంచెం జోరుగానే వస్తున్నాడు. గుట్ట మలుపు తిరగ్గానే దూరంగా ఒక మనిషి బాట మీద నుంచి సడక్ ఎక్కాడు. చెయ్యెత్తాడు. పీర్ మహమ్మద్ ఆపదలచుకోలేదు. లైసెన్సు లేదు, ఎవరెక్కినా ఊళ్లో చెప్తారు. హారన్ కొట్టాడు. ఎవరైనా హారన్ కొడితే పక్కకు జరుగుతారు. అందుకని బ్రేకు మీద కాలు పెట్టలేదు.

"జరగలె భాయ్. రెండోసారి కొట్టిన. చెయ్యి గట్లనే పట్టుకొని ఇంకా నడిమిట్లకు వచ్చిండు. నవ్వుతుండు. బండి మీదికొస్తుంటే ఎవలన్న నవ్వుతరా? నేను తిప్పేవరకే..." అతను చేతుల్లో మొహం దాచుకున్నాడు. "కండ్లు మూస్తే గా నవ్వే కనబడ్తాంది. ఎందుకు నవ్విండో సమజయితలేదు. పిచ్చోడా ఏంది?"

"దిగి చూసినవా?"

పీర్ మహమ్మద్ మొహం మీది చేతులు తీయలేదు. దిగలేదని ఇద్దరికీ అర్థమైంది. బషీరున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దిగి ఉంటే, బండిల ఏసుకొని ఉంటే, గంట ముందు దవాఖానకు చేరేటోడు" అంది ఆమె చివరికి. "పో, పోయి గా సార్‌కు చెప్పు. నీ నోటితోనే చెప్పు."

"నన్ను జైల్ల ఏస్తరు వదినా. హసీనా పురిటికి చిట్యాల పోయింది. బిడ్డను చూడకుండనే లోపటికి పోవాల్నా?"

తోడికోడలు హసీనా పేరు రాగానే బషీరున్నీసా కూడా నూరుద్దీన్ వైపు చూసింది. ఆ చూపు అతనికి బాగా తెలుసు. ఇంట్లో ఏ ముడి పడినా చివరికి అందరూ అతని వైపే అలా చూస్తారు.

నూరుద్దీన్ కుండలో నీళ్లు ముంచుకుని తాగాడు. నిలబడే లెక్కలు కట్టుకున్నాడు. తమ్ముడి పేరు చెప్తే తమ్ముడు జైలుకు పోతాడు, ఇల్లు పోతుంది, చెన్నయ్య వైద్యానికి కంపెనీ నుంచి ఏమీ రాదు. తన పేరే చెప్తే ఒక్క తనే పోతాడు. మిగతావన్నీ నిలబడతాయి. చెన్నయ్యకు కూడా మేలే. ఒక అబద్ధం ఇంతమందిని కాపాడుతుంటే నిజంతో ఎవరికేం పని? ఇట్లా అనుకునేసరికి భయం తగ్గిందనుకున్నాడు. తగ్గలేదు.

"నువ్వు గీ గదిలకెళ్లి బయటికి రాకు" అన్నాడు తమ్ముడితో. "నేను మాట్లాడుకుంట."

"ఏం మాట్లాడుతరు?" అని బషీరున్నీసా అతని చెయ్యి పట్టుకుంది. "మీరు పోతే మేమెట్ల బతకాలె?"

ఆమె వేళ్లు మెల్లగా విడిపించుకుని అతను బయటికి వచ్చాడు.

ఐలేశం అప్పటికే తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాడు. అట్ట మీద కాయితాలు పెట్టుకుని పెన్ను మూత తీశాడు.

"నేనే నడిపిన సార్. రాసుకోండ్రి. గొర్లు లేవు, రాయి లేదు. మనిషే. భయపడి గట్ల రాసిన."

"సోంచాయించే చెప్తున్నవా?"

"సోంచాయించే."

ఐలేశం అతని మొహంలోకి చూశాడు. ఆ చూపు ముందు నూరుద్దీన్ తల దించుకోకుండా నిలబడ్డాడు. అంతవరకు బాగానే నెట్టుకొచ్చాడు. "మనిషి యాడున్నడు? పక్క పొంటి పోతుండెనా, అడ్డమొచ్చిండా?"

"నడిమిట్ల నిలబడ్డడు సార్. చెయ్యెత్తిండు. హారన్ కొట్టిన. జరగలె."

"ఇంకా ఎలుతురుండంగ, బండి కనబడంగ, హారన్ ఇనబడంగ జరగకపాయెనా? ఎందుకు?"

"తెలవది సార్."

"ఇన్నేండ్లు గీ దారిల బండి నడిపినవు. గట్ల ఎవలన్న నిలబడ్డరా?"

తమ్ముడు చెప్పిన మాటల్లో నూరుద్దీన్‌కు కూడా అర్థం కానిది అదొక్కటే. చెన్నయ్య పిచ్చివాడు కాదు, చెవిటివాడు కాదు. జీవితమంతా సడక్ పక్కన గొర్రెలు తోలినవాడు. బండి వస్తే ఎటు జరగాలో గొర్రెలకు కూడా నేర్పినవాడు.

"నూరన్నా" అని గల్లీలోంచి పిలుపు వినిపించింది.

వాకిట్లోకి గుర్వమ్మ వచ్చింది. చెన్నయ్య భార్య. జుట్టు రేగి ఉంది, కాళ్ల నిండా దుమ్ము, చంకలో చిన్న మూట. బస్సు దిగి ఉరుకులాంటి నడకతో వచ్చినట్టుంది, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది. మంచం మీద కూర్చున్న కొత్త మనిషిని ఆమె పట్టించుకోలేదు.

ఆమెకు తెలిసిపోయిందని నూరుద్దీన్ అనుకున్నాడు. తిడుతుంది, దుమ్మెత్తి పోస్తుంది, గల్లీ అంతా పోగవుతుంది. పోగవనీ అని కూడా అనుకున్నాడు. తిట్టించుకోవడానికి అతను సిద్ధంగానే ఉన్నాడు.

"కండ్లు తెరిచిండన్నా" అంది గుర్వమ్మ. ఆమె మొహంలో తిట్టు లేదు. అలసట ఉంది, దాని వెనక ఆశ ఉంది. "నిన్న పొద్దుగాల తెరిచిండు. నన్ను గుర్తుపట్టలె. కొడుకుల పేర్లు చెప్తే ఊఁ అనలె. ఒక్క నీ పేరే పలుకుతుండు."

ఐలేశం పెన్ను ఆగింది.

"నా పేరా?" అన్నాడు నూరుద్దీన్.

"నూరన్న, నూరన్న అనుకుంటనే ఉన్నడు. ఎప్పుడు చెయ్యెత్తినా ఆపి ఎక్కించుకుంటవు, ఒక్కనాడు కిరాయి అడగవు. గా పాయిరం ఉండె నీ మీద. నిన్ను చూస్తే జర తెలివొస్తదేమోనని డాక్టరమ్మ అన్నది. గందుకే బస్సెక్కి ఉరికొచ్చిన. జర వస్తవా అన్నా? నీ కాళ్లు మొక్కుత."

"పేరొక్కటేనా అమ్మా?" ఐలేశం మెల్లగా అడిగాడు. "ఇంకేమన్న అంటుండా?"

గుర్వమ్మ అతని వైపు తిరిగింది. ఎవరో ఆఫీసరనుకుని తల మీదికి కొంగు లాక్కుంది. "ఒక్కటే మాట సారు. ఎవలో జరుగు జరుగు అంటున్నట్టు, వాళ్లకు చెప్తున్నట్టు అంటడు. 'జరుగుడెందుకు, నూరన్న బండే గదా, ఆపుతడు' అంటడు. నవ్వుతడు. మల్ల కండ్లు మూస్తడు."

ఐలేశం కాయితం మీది నుంచి చూపు ఎత్తలేదు. పరదా వెనక బషీరున్నీసా చేతిలోంచి ఏదో గిన్నె జారి నేల మీద దొర్లింది.

నూరుద్దీన్‌కు అప్పుడు అర్థమైంది. చెన్నయ్య ఎందుకు జరగలేదో, ఎందుకు నవ్వాడో అర్థమైంది. దూరం నుంచే బండిని గుర్తుపట్టాడు. అది నూరన్న బండి. నూరన్న బండి ఆగుతుంది. ఎప్పుడు చెయ్యెత్తినా ఆగింది. మోకాళ్ల నొప్పితో నడిచే ముసలివాడు పక్కకు జరిగే కష్టం ఎందుకు పడాలి? జైలంటే భయమేసిందింతవరకు. ఇప్పుడు వేసిన భయం దానిలాంటిది కాదు. నేనే నడిపానని సర్వేయర్‌తో అనడం తేలిక. అదే మాట ఈమెతో అంటే, నీ మొగుడు నన్ను నమ్మి నిలబడితే నేను ఆపలేదు అని చెప్పినట్టు. దవాఖానలో కళ్లు మూసుకుని నవ్వుతున్న ఆ మనిషితో కూడా అదే చెప్పినట్టు. జీవితాంతం ఈ దారిలో చెయ్యెత్తే ప్రతి మనిషితో అదే చెప్పినట్టు.

గుర్వమ్మ చూపు అతని భుజం మీదుగా వెనక ఉన్న కారు మీద పడింది. పగిలిన దీపం దగ్గర ఆగింది. కుంగిన మడ్గార్డు మీదికి జారింది. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. మూట చంకలోంచి జారుతుంటే పట్టుకోలేదు.

"బండికేమైందన్నా?" అంది. ఆమె కారును, అతన్ని, మళ్లీ కారును చూసింది. "గా దినం నువ్వు గా దారిల పోయినవా?"

ఐలేశం కూడా తల ఎత్తి నూరుద్దీన్ వైపే చూస్తున్నాడు. జవాబు కోసం ఇద్దరూ కాచుకుని ఉన్నారు. నూరుద్దీన్ నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే ఇంటి వెనక తలుపు గొళ్లెం తీసిన శబ్దమైంది. "ఆగు, ఆగు" అని బషీరున్నీసా అరిచింది. వెనక సందులో ఎవరో పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు కొట్టంలో ఉన్న ముగ్గురికీ స్పష్టంగా వినిపించింది.